రేపు రా అన్న ప్రతి ఇల్లూ బాకీనే: అర్బన్ షాడోస్ ఆడి చూశాక

మా వదిన చీటీలు నడుపుతుంది. బెంగళూరు కగ్గదాసపురలో వాళ్ల అపార్ట్‌మెంట్లో ప్రతి నెలా ఐదో తారీఖు సాయంత్రం పాట. ఎవరు ఎంతకు పాడారు, ఎవరి కంతు ఆగిపోయింది, ఎవరికి ఎవరు జామీను ఉన్నారు, అంతా అట్ట ఊడిపోయిన ఒక డైరీలో ఉంటుంది. సమీక్ష అని మొదలుపెట్టి చీటీల గోల ఎందుకంటే, నాలుగు నెలలుగా శనివారం రాత్రిళ్లు మేం ఆడుతున్న ఆటను మా ఐదుగురిలో మొదట పట్టుకున్నది ఆమే. మిగతావాళ్లం రక్తపిశాచికి అద్దంలో నీడ పడుతుందా పడదా అని వాదించుకుంటుంటే, ఆమె కాగితాలు తిరగేసి, "ఇందులో దెయ్యాలు పైపైనే కదమ్మా, ఇది బాకీల ఆట" అంది.

నాలుగు నెలల తర్వాత నాది కూడా అదే మాట. కాకపోతే నేను పొట్టకూటికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. బగ్గులు చెప్పకుండా వదలను.

ఆట పేరు అర్బన్ షాడోస్. మ్యాగ్‌పై గేమ్స్ అనే అమెరికా సంస్థ 2015లో తెచ్చింది. రాసినవాళ్లు ఆండ్రూ మెడీరోస్, మార్క్ డియాజ్ ట్రూమన్. తర్వాత రెండో ఎడిషన్ కూడా వచ్చింది కానీ నేను చెప్పేదంతా మొదటిదాని గురించే. ఇలాంటి ఆటలు ఎరగనివాళ్లకు రెండు ముక్కలు. బోర్డు ఉండదు, గళ్లు ఉండవు, గెలిచినవాడు ఓడినవాడు ఉండరు. తలా ఒక పాత్ర తీసుకుని ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెప్తారు. ఒకరు మాత్రం మిగతా లోకమంతా అవుతారు: పోలీసు, ఇంటి ఓనరు, వీధికుక్క, వాన. వాళ్లను ఇందులో ఎంసీ అంటారు. మా ఇంట్లో ఆ ఎంసీని నేనే. ఏం జరుగుతుందో తేలని చోట పాచికలు వేస్తారు. వీధి భాగవతం ఆడేవాళ్లకు కథ ముందే తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. ఇక్కడ ఎవరికీ తెలియదు, నాకు కూడా.

1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైన ఈ వ్యవహారం చాన్నాళ్లు కత్తులు, కోటలు, నేలమాళిగల చుట్టూనే తిరిగింది. 1991లో వాంపైర్: ద మాస్కరేడ్ వచ్చి పిశాచాలను ఇవాళ్టి నగరంలోకి దించింది. నేను ముందు దాంతోనే మొదలుపెడదామనుకున్నా. వంశాలు, ఆ వంశాల మధ్య పాత పగలు, ఎవరు ఎవరి గురువును చంపారు... ఇన్ని తరాల కక్షలు గుర్తుపెట్టుకునే ఓపికే ఉంటే మా అనంతపురంలోనే ఉండేదాన్ని కదా అనిపించి మూసేశా. అర్బన్ షాడోస్‌లో అలా ముందే రాసిపెట్టిన చరిత్ర మోపెడు ఉండదు. ఊరు మీది, మీరే చెప్పుకోండి అంటుంది. నాకు నచ్చింది అదే, తర్వాత నా ప్రాణం తీసిందీ అదే.

కొన్నది పీడీఎఫ్. అచ్చు పుస్తకం తెప్పిద్దామంటే దాని ధర కంటే దారిఖర్చే భయపెట్టింది. ఇంటిదగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే, ఆ అబ్బాయి రెండు అధ్యాయాలు తలకిందులుగా కుట్టి ఇచ్చాడు. ఇప్పటికీ దెబ్బలు, గాయాల రూలు చూడాలంటే పుస్తకాన్ని గుండ్రంగా తిప్పుతాను. పాచికలకైతే పైసా ఖర్చు కాలేదు. ఈ ఆటకు కావాల్సింది రెండే, అవీ మామూలు ఆరు ముఖాలవి. లూడో డబ్బాలోంచి తీశాం. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది.

రూలు మొత్తం రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. ప్రతి పాత్రకు నాలుగు గుణాలు: రక్తం, గుండె, బుద్ధి, ఆత్మ. రెండు పాచికలు వేసి, ఆ సందర్భానికి తగిన గుణం కలుపుతారు. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే పని అయినట్టే. 6 లేదా అంతకంటే తక్కువ వస్తే ఎంసీ చేతికి చిక్కినట్టే. 7 నుంచి 9 వస్తే పని అవుతుంది, కానీ ఊరికే కాదు. ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. ఈ పద్ధతి 2010లో విన్సెంట్ బేకర్, మెగే బేకర్ల అపోకలిప్స్ వరల్డ్‌తో వచ్చింది, ఆ తర్వాత ఎన్నో ఆటలు దాన్నే పట్టుకున్నాయి. ఎంసీ పాచికలు ముట్టుకోడు. ఇది మొదట నాకు కాస్త వెలితిగా తోచింది. మూడో వారానికి ఎంత హాయో తెలిసింది. నేను టీ తాగుతూ "అయితే ఇప్పుడేం చేస్తావు?" అని అడిగితే చాలు, మునిగేవాళ్లు వాళ్లంతట వాళ్లే మునుగుతారు.

ఇక మనుషుల సంగతి. పాత్రలకు పది అచ్చులున్నాయి, వాటిని నాలుగు వర్గాలుగా పంచారు. మామూలు మనుషుల వైపు ముగ్గురు, రాత్రి వైపు ముగ్గురు (దెయ్యం, పిశాచి, తోడేలు), మంత్రశక్తి వైపు ఇద్దరు, వేరే లోకాల వైపు ఇద్దరు. ఒక్కో అచ్చుకు ఒక కాగితం. అందులోనే పేరు మొదలు శక్తుల దాకా టిక్కులు పెట్టుకోవడమే. పుస్తకం చదవనివాళ్లు కూడా అరగంటలో ఆటకు తయారవుతారు. కొత్తవాళ్లను లాగడానికి ఇంతకంటే సులువైన ఏర్పాటు నేను చూడలేదు.

మావాళ్లను ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం, పీజీలో ఉన్నప్పటి అలవాటు. ఖమ్మం తమ్ముడు, తన ఆత్మను ఎక్కడో తాకట్టు పెట్టినవాణ్ని తీసుకున్నాడు. పుస్తకంలో వాడికి పైన ఒక దయ్యం ఉంటుంది, అప్పుడప్పుడూ పనులు పురమాయిస్తుంది. తమ్ముడు దాన్ని "క్లయింటు" అన్నాడు. రాత్రి పదకొండున్నరకు, అమెరికా టైములో కాల్ చేస్తుందట. "మానేస్తా అంటే తొంభై రోజుల నోటీసు పీరియడ్ అంటుందక్కా, గా తొంభై రోజులు ఎప్పుడూ ఐపోవు" అని వాడు చెప్పినప్పుడు నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు. నెల్లూరు పిల్ల దెయ్యమైంది. చిత్తూరు అన్న జోస్యం చెప్పే పాత్ర తీసుకుని దాన్ని తక్షణం సోదమ్మను చేశాడు. గద్దె, బుట్ట, రవికె ముడితో సహా. "సోది చెప్తా తల్లీ" అని ఆయన మొదలెట్టినప్పుడల్లా వదిన "అది రోజూ ఉండేదే" అంటుంది. ఆమెది పిశాచి. మొదటి రోజే అద్దె ఇల్లు వెతుక్కునే దృశ్యం పెట్టాను. ఓనరుగా నేను బెంగళూరులో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్నే అడిగా: "వెజ్జా, నాన్‌వెజ్జా?" వదిన కనురెప్ప వాల్చలేదు. "లిక్విడ్ డైటండి" అంది.

ఇప్పుడు బాకీలు. ఈ పుస్తకంలో డబ్బు లెక్క దాదాపు లేదు. ఉన్నది బాకీల లెక్క. నువ్వు నాకు సాయం చేస్తే నీకు నేను బాకీ. అది కాగితం మీద రాసుకోవాలి. తర్వాతెప్పుడో ఆ బాకీ చూపించి నువ్వు నన్ను నిజం చెప్పమనొచ్చు, తోడు రమ్మనొచ్చు, నాకిష్టం లేని పని చెయ్యమనొచ్చు. పెద్దవాళ్ల పేరు వాడుకుని పని చేయించుకోవడానికి కూడా ఒక రూలుంది. "ఫలానా సార్ పంపారు" అనడానికి పాచికలు వేయించే ఆటను నేనింతవరకు చూడలేదు. ఆట మొదలవ్వకముందే ప్రతి పాత్రా మరో పాత్రకు ఏదో ఒకటి బాకీ పడి ఉండాలి. అంటే అందరూ ఏదో సత్రంలో అనుకోకుండా కలుసుకునే కథ ఇక్కడ అక్కర్లేదు. కథ మొదలయ్యేసరికే పీకల దాకా బాకీల్లో ఉంటారు.

బెంగళూరులో పదేళ్లుగా ఉన్నదానికి ఇది వేరే ఎవరూ వివరించక్కర్లేదు. ఇంట్లో కాలు పెట్టాలంటే పది నెలల అద్దె అడ్వాన్సు. అది వాళ్ల దగ్గర ఉన్నన్నాళ్లూ నువ్వు నోరెత్తవు. నల్లాలో నీళ్లు రాకపోయినా, గోడ చెమ్మగిల్లినా, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోసుకుంటారని తెలిసినా. పిశాచి నెత్తురు తాగుతుందంటే పిల్లలు కూడా జడవరు. అదే పిశాచి నీ అడ్వాన్సు పట్టుకుని కూర్చుందని చెప్పి చూడండి. మా బల్ల దగ్గర నిజంగా నిశ్శబ్దమైంది ఆ దృశ్యానికే.

ఊరిని కట్టడం దగ్గర పుస్తకం మమ్మల్ని దారిలో వదిలేసింది. ఆటగాళ్లను ప్రశ్నలడుగు, వచ్చిన జవాబులతో ఊరు కట్టు, ముప్పులను "తుపాను"లుగా పేర్చుకో అంటుంది. "తుపాను గురించి మా నెల్లూరికి చెప్తున్నారా?" అని మా పిల్ల. ప్రశ్నలైతే మంచివే. కానీ వాటి వెనకున్న ఊరు అమెరికాది. నలుపుతెలుపు సినిమాల్లోని వానలో తడిసిన సందులు, టోపీ పెట్టుకున్న డిటెక్టివు. మా వీధిలో ఆ టోపీ పెట్టుకుంటే కుక్కలు తరుముతాయి.

రెండు వారాలు కొట్టుకున్నాక మాకు తోచిన దారి చెరువులు. బెంగళూరు పెద్ద నది లేని ఊరు. చెరువుల మీద బతికిన ఊరు. 1537లో కెంపేగౌడ పునాది వేసినప్పటి నుంచి తవ్వుతూనే వచ్చారు, ఆ తర్వాతి కాలం పూడుస్తూ వచ్చింది. ఇవాళ మెజెస్టిక్ బస్టాండు ఉన్నచోట ధర్మాంబుధి చెరువు ఉండేది. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువు. ఇప్పుడు తాగే నీళ్లు వంద కిలోమీటర్ల అవతలి కావేరి నుంచి పంపుల మీద ఎక్కి రావాలి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి, ట్యాంకరువాడి ఫోన్ నంబరు దేవుడి పటం పక్కన అతికించుకున్నాం. అయితే, పూడ్చిన చెరువుకు ఎవరు బాకీ? అక్కడ కట్టిన ప్రతి గోడా. అదే మా ఊరికి మొదటి నియమం: చెరువు మరిచిపోదు, పైనున్నవాళ్లు ఏదో ఒక రాత్రి నీళ్లతో తీర్చాలి.

ఆ నియమం ఒకటి దొరికాక మిగతాది దానంతట అదే అల్లుకుంది. నెల్లూరు పిల్ల తన దెయ్యాన్ని ధర్మాంబుధిలో మునిగిపోయినవాణ్ని చేసింది. మెజెస్టిక్‌లో ప్లాట్‌ఫారాల మధ్య తిరుగుతుంటాడు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో అన్నీ నోటికి వచ్చు, ఏ బస్సూ ఎక్కలేడు. ఎవరైనా వాటర్ బాటిల్ మూత తీస్తే మాత్రం ఆగిపోతాడు. బెళ్లందూరు చెరువును మేం పెద్దగా కల్పించనక్కర్లేకపోయింది. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువు మీద మంటలు లేచి పొగ ఊరంతా కమ్మింది. నీళ్లు మండిన ఊళ్లో కూర్చుని ఫాంటసీ రాస్తున్నాం అని చిత్తూరు అన్న అన్నాడు.

మంత్రశక్తి వర్గానికి కరెంటు ఇచ్చాం. శివనసముద్రంలో పుట్టిన కరెంటు 1902లో మొదట వెళ్లింది కోలారు బంగారు గనులకు. బెంగళూరు వీధుల్లోకి వచ్చింది 1905లో. ముందు గనికి, తర్వాతే ఊరికి. అయితే మా కథలో ఊరి వెలుగు గని దగ్గర తెచ్చిన చేబదులు. మూడు కిలోమీటర్ల లోతుకు పైగా తవ్విన ఆ గనులు 2001లో మూతపడ్డాయి. అప్పిచ్చినవాడు చీకట్లో పడుకుని ఉన్నాడు, చచ్చిపోలేదు. ఎప్పుడు మా ఇంట్లో కరెంటు పోయినా ఖమ్మం తమ్ముడు "వడ్డీకి వచ్చిండు" అంటాడు. ఆట లేని రోజుల్లో కూడా.

ఒకచోట మాత్రం చాలాసేపు ఆగాం. మా అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం. చెరువు కట్ట తెగిపోతుంటే ఊరిని నిలబెట్టడానికి ముసలమ్మ అనే చిన్నకోడలు గండిలోకి నడిచి వెళ్లి ప్రాణమిచ్చిందని మా అవ్వ చెప్పేది. పేరు ముసలమ్మే కానీ పడుచుపిల్ల. ఇక్కడ బెంగళూరులో కూడా, కోట గుమ్మం కట్టినకొద్దీ కూలిపోతుంటే కెంపేగౌడ కోడలు లక్ష్మమ్మ ప్రాణమిచ్చిందని చెప్తారు. కోరమంగలలో ఆమె పేర గుడి ఉంది. రెండు ఊళ్లు, ఇద్దరు కోడళ్లు. నిలబడ్డది మాత్రం ఏలినవాళ్ల పేరు. ఇద్దర్నీ దెయ్యాలుగా తెస్తే కథ భలే రక్తికడుతుందని నాకు నోరూరింది. వదిన ఒప్పుకోలేదు. "వాళ్లను మళ్లీ పనికి పిలవొద్దు. వాళ్లకు ఊరు బాకీ, అంతవరకే పెట్టు" అంది. అలాగే పెట్టాం. లక్ష్మమ్మ మా ఆటలో ఒక్కసారీ కనబడదు, మాట్లాడదు. కానీ ఎవరు ఏ గుమ్మం దాటి ఊళ్లోకి వచ్చినా వాళ్ల కాగితం మీద ఒక బాకీ అచ్చై ఉంటుంది, ఎవరికని రాయని బాకీ.

దేవుళ్ల విషయంలో పుస్తకం గాజు పలక ముందు నిలబడ్డట్టు నిలబడి, అసలు అడుగే వెయ్యలేదు. దీన్ని నేను పెద్ద లోటుగానే లెక్కేస్తా. మెజెస్టిక్ దగ్గర అణ్ణమ్మ ఉంది, ఊరి దేవత. ప్రతి పాత గ్రామానికీ ఒక అమ్మ, ప్రతి పొలిమేరకూ ఒక రాయి. బెంగళూరు ఆ గ్రామాలన్నిటినీ మింగేసింది, రాళ్లు మాత్రం ట్రాఫిక్ సిగ్నళ్ల పక్కన కుంకుమ పూసుకుని ఉన్నాయి. ఇలాంటి ఊళ్లో రాత్రిపూట ఎవరి మాట చెల్లుతుందో నాలుగు వర్గాల పట్టికలో ఇమడదు. మేం మా హద్దు మేమే గీసుకున్నాం. చైత్ర పున్నమికి ధర్మరాయస్వామి గుడి నుంచి కదిలే కరగ ఊరేగింపును, అది దారిలో ఆగే మస్తాన్ దర్గాను ముట్టుకోలేదు. అవి నమ్మేవాళ్లు బతికున్నారు, మా పక్క ఫ్లాట్లోనే ఉన్నారు. పొలిమేర రాళ్లను మాత్రం వాడుకున్నాం. ఐదో వర్గమని ఒకటి కాగితం మార్జిన్లో పెన్సిలుతో రాసి ఉంది: పొలిమేర.

వర్గాల లెక్కలో ఒక తెలివి ఉందనుకోండి, దాన్ని మెచ్చుకోవాలి. పాత్ర ఎదగాలంటే నాలుగు వర్గాలతోనూ ఏదో ఒక వ్యవహారం పెట్టుకుని నాలుగింటినీ మార్కు చేసుకోవాలి. సొంతవాళ్ల మధ్యే తిరిగితే ఉన్నచోటే ఉంటావు. బెంగళూరుకు వచ్చి పదేళ్లయినా తెలుగు పీజీ, తెలుగు మెస్సు, తెలుగు వాట్సాప్ గ్రూపు దాటని మాలాంటివాళ్లకు ఇది గట్టిగానే తగిలింది. కాకపోతే ఆ మార్కులు పెట్టుకోవడం, చెరపడం, "నేను మంత్రశక్తి వర్గం గుర్తు పెట్టానా?" అని ఆట మధ్యలో అడుక్కోవడం, ఇదంతా చిల్లర లెక్కల విసుగు. పది వారాలైనా నాకు అలవాటు కాలేదు. ఫే అనే యూరప్ వనదేవతల అచ్చు మాకు పూర్తిగా దండగ. కామినీ పిశాచిగా మార్చి చూశాం, అతకలేదు. కొట్లాట రూళ్లు మామూలుగా ఉన్నాయి, చెప్పుకోవడానికేమీ లేదు.

అన్నిటికంటే అనువాదానికి లొంగనిది "కరప్షన్". పాత్ర తన శక్తికి లొంగి చెయ్యకూడనిది చేసిన ప్రతిసారీ ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఐదు గుర్తులైతే ఒక కొత్త చీకటి శక్తి వస్తుంది, అది చాలా బలమైనది, చాలా రుచికరమైనది. అలా ఇంకా, ఇంకా తీసుకుంటూ పోతే చివరికి ఆ పాత్ర నీ చెయ్యి దాటి ఎంసీ చేతికి వస్తుంది, ఊరి మొత్తానికీ ముప్పవుతుంది. రూలు అమోఘం. మాటతోనే వచ్చింది తంటా. కరప్షన్ అనగానే వదిన "ఎవరికిచ్చారు, ఎంతిచ్చారు?" అని అడిగింది. మనకు ఆ మాట లంచం దగ్గరే ఆగిపోయింది. "మైల" అందామన్నాడు అన్న. ఆ మాటను మన దగ్గర ఎవరి మీద వాడతారో గుర్తొచ్చి వద్దన్నాను. చివరికి "మచ్చ" దగ్గర ఆగాం. ఖమ్మం తమ్ముడికి ఇప్పటికి పదకొండు మచ్చలు. క్లయింటు మంచి అప్రైజల్ ఇచ్చిందని వాడి వాదన.

ఎనిమిదో శనివారం ఆట చెప్పకపోతే ఈ పుస్తకానికి అన్యాయం చేసినట్టే. ప్రతి ఆట మొదట్లో ఎవరిని నువ్వు అందరికంటే తక్కువ నమ్ముతావో చెప్పి, ఊళ్లో వినబడుతున్న పుకారు ఒకటి చెప్పాలి. నెల్లూరు పిల్ల పుకారు: "తలుపు కొట్టే ఆడమనిషి మళ్లీ తిరగతా ఉండాదంట." చాలామందికి గుర్తుండే ఉంటుంది. తొంభైల్లో మా ఊళ్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు. మా అమ్మ సుద్దముక్కతో రాసింది, వానకు చెరిగితే మళ్లీ నాతో దిద్దించింది. నా చేతిరాత బాగుపడింది ఆ తలుపు మీదే. బెంగళూరు వచ్చాక కింది ఫ్లాట్ ఆంటీకి ఈ మాట చెప్తే ఆమె నవ్వి, వాళ్ల చిన్నప్పుడు ఇక్కడ "నాళె బా" అని రాసుకున్నామంది. అదే మాట, అదే ఎత్తు. తలుపు కొట్టే ఆ దెయ్యం వచ్చి చదువుకుంటుంది, సరే రేపొద్దాంలే అని వెళ్తుంది, మర్నాడు మళ్లీ అదే చదువుకుంటుంది.

ఆటలో నేను దాన్ని మామూలు భయంగానే తెచ్చాను. తలుపు మీద మూడు దెబ్బలు, తెలిసినవాళ్ల గొంతు. వదిన చెయ్యెత్తింది. "ఆగమ్మా. రేపు రా అన్నారంటే మాటిచ్చినట్టే కదా?" కిరాణా కొట్లో "నేడు నగదు, రేపు అరువు" అని బోర్డు ఉంటుంది చూడు, ఆ బోర్డు నమ్మి ముప్పయ్యేళ్లు రోజూ వచ్చినదాని సంగతేమిటి అని అడిగింది. "ఆ రాసిన ప్రతి ఇల్లూ ఆమెకు ఒక రేపు బాకీ. ఒక్కరోజుది కాదు, రాసి ఉన్నన్నాళ్లూ." నేను పుస్తకం తిప్పి తిప్పి చూశా. తప్పేం లేదు. రూలు ప్రకారం అది బాకీనే.

అప్పుడు ఆ తలుపు కొట్టే ఆడమనిషి సోదమ్మ తలుపు దగ్గరికే వచ్చింది, బాకీ అడగడానికి. చిత్తూరు అన్న బాకీ తీర్చనన్నాడు. దానికీ ఒక రూలుంది, గుండె కలిపి పాచికలు వెయ్యాలి. మొత్తం 7 వచ్చింది. అంటే ఈ పూటకు తప్పించుకోవచ్చు కానీ బాకీ పోదు, పైగా మూల్యంగా మరొకటేదో నెత్తిన వేసుకోవాలి. అన్న ఇంకో బాకీ రాసుకున్నాడు. రాసుకుని ఆ కాగితం వైపే కాసేపు చూసి, "ఇంతకీ నేను ఇప్పుడు ఆమెతో అన్నది రేపు రా అనే కదా" అన్నాడు. డాబా మీద కూర్చుని ఉన్నాం, పన్నెండున్నర. కింద ఎవరో గేటు తీసిన చప్పుడు. ఐదుగురం, ముప్పై దాటినవాళ్లం, తర్వాత టాయిలెట్‌కు జతగా వెళ్లాం.

కొనాలా అంటే: మీకు పుస్తకమే ఊరు కట్టి చేతిలో పెట్టాలనుంటే కొనకండి, వాంపైర్ చదువుకోండి. ఇద్దరితో ఇది ఆడలేరు, బాకీలు పుట్టడానికి కనీసం ముగ్గురు ఆటగాళ్లు కావాలి. నలుగురైతే సరిగ్గా సరి. ఐదుగురైతే ఎంసీకి తలనొప్పి. ఒక్క పూట సరదాకు పనికిరాదు, మూడో వారం దాకా బాకీలు పండవు. నాలుగు నెలల్లో మాకు కుదిరినవి పన్నెండు శనివారాలే. మిగతావాటికి ఎవరో ఒకరు ఊరెళ్లే బస్సులో ఉన్నారు. బెంగళూరులో తెలుగువాళ్లతో ఆట పెట్టుకునేవాళ్లు పండగల క్యాలెండరు ముందేసుకుని కూర్చోండి.

బాకీల చిట్టా రాయడానికి పుస్తకంలో ఇచ్చిన కాగితం మాకు చాలలేదు. ఆరో వారం నుంచి వదినే తన చీటీల డైరీలో వెనక పేజీలు కేటాయించింది. తేదీ, ఎవరు, ఎవరికి, ఎందుకు, జామీను. మొన్న ఐదో తారీఖు పాటలో ఆ డైరీ మూడో అంతస్తు ఆంటీ చేతికి వెళ్లిందట. వెనక నుంచి తెరిచి, "ధర్మాంబుధి, రెండు బాకీలు, జామీను సోదమ్మ" అని పైకి చదివి, ఈ ధర్మాంబుధి ఎవరు, మన చీటీలో ఎప్పుడు చేరాడు అని అడిగిందట.

మెజెస్టిక్‌లో ఉంటాడు, కంతు ఆలస్యమైనా ఎగ్గొట్టే రకం కాదు అని చెప్పిందట వదిన.